మొదటిసారి సముద్రం దాటేవారికి ఏ వినోదవనం?

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం, గణితం, భౌతికం, రసాయనం)

తిరునాళ్లకు వెళ్లిన ప్రతివారికీ రంగులరాట్నం తెలుసు. కోటప్పకొండ తిరునాళ్లలో తిరిగే జెయింట్ వీలుకూ, సింగపూరులో తిరిగే జెయింట్ వీలుకూ సూత్రం ఒక్కటే. న్యూటన్ మహాశయుడు రెండింటికీ ఒకే లెక్క చెప్పాడు. తేడా అల్లా టిక్కెట్టు దగ్గరా, పాస్‌పోర్టు దగ్గరా వస్తుంది.

ఈమధ్య మన జిల్లాల్లో ఒక కొత్త ముచ్చట కనబడుతున్నది. అబ్బాయికి ఉద్యోగం వచ్చిందనో, మిర్చికి మంచి ధర పలికిందనో ఇంటిల్లిపాదీ కలిసి ఒక్కసారి విదేశం చూసి వద్దామనుకుంటారు. ఎక్కడికి అంటే పిల్లలు తడుముకోకుండా డిస్నీలాండ్ అంటారు. ట్రావెల్ ఏజెంటు ఇచ్చే రంగుల కాగితం మీద కూడా కోట బొమ్మే ఉంటుంది. మంచిదే. కాని సంచి మీద బొమ్మ చూసి విత్తనం కొనే రైతు ఎక్కడైనా ఉన్నాడా? నేల ఏమిటి, నీరెంత, ఎన్నాళ్ల పంట అని పదిమందిని అడిగి గాని ఎవరూ కొనరు. ఒక పంట డబ్బు పెట్టి చేసే ప్రయాణానికి మాత్రం బొమ్మ చాలునా? వినోదవనాన్ని కూడా విత్తనంలాగే పరీక్షించి ఎంచుకోవచ్చుననీ, అందుకు మనం క్లాసులో చదివే లెక్కలే సరిపోతాయనీ నా అభిప్రాయం.

థీమ్ పార్కు అంటే ఏమిటి?

ఒట్టి ఆటయంత్రాలు పెట్టిన తోట వేరు. ఒక కథ చుట్టూ, ఒక ఊహాలోకం చుట్టూ వీధులు, కోటలు, కొండలు కట్టి ఆ కథలోకే మనల్ని నడిపించే తోట వేరు. రెండవదాన్నే థీమ్ పార్కు అంటారు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో 1843లో తెరిచిన టివోలీ తోట ఈ వంశానికి ముత్తాత వంటిది. అది నేటికీ నడుస్తున్నది. తరువాత కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో వాల్ట్ డిస్నీ 160 ఎకరాల నారింజ, వాల్‌నట్ తోటలు కొని, చెట్లు కొట్టించి 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచాడు. (తోట కొట్టేశారంటే మా ఇంట్లోవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది. అది వేరే సంగతి.) ఆ మొదటిరోజు ముచ్చట చెప్పుకోదగ్గది. దొంగ ఆహ్వానపత్రాలతో వేలమంది వచ్చి పడ్డారు. అప్పుడే పోసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. పనివారి సమ్మె కారణంగా మంచినీటి కొళాయిలు చాలినన్ని లేవు. అంటే ప్రపంచ ప్రఖ్యాతి పొందిన వనం కూడా మొదటిరోజున మన తిరునాళ్ల మాదిరిగానే ఉన్నదన్నమాట.

అటుపైన ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ (1971), టోక్యో డిస్నీలాండ్ (1983), పారిస్ (1992), హాంగ్‌కాంగ్ (2005), షాంఘై (2016) వచ్చాయి. యూనివర్సల్ కంపెనీ వనాలు జపానులోని ఒసాకాలో 2001లోనూ, సింగపూరులో 2010లోనూ తెరిచారు. అదే 2010లో అబూధాబీలో ఫెరారీ వరల్డ్ వచ్చింది. మలేషియాలోని జొహోర్ బారులో 2012లో లెగోలాండ్ తెరిచారు. జాబితా ఇంకా పెంచవచ్చును గాని, మనకు కావలసింది జాబితా కాదు, ఎంపిక.

వరుసలో నిలబడే లెక్క

వినోదవనంలో ఒక రోజు అంటే ఏమిటో ముందు లెక్క వేద్దాం. వనం పది గంటలు తెరిచి ఉంటుందనుకుందాం. అంటే 600 నిమిషాలు. తిండికీ, విశ్రాంతికీ రెండు గంటలు తీసేస్తే 480. ఒక్కొక్క ఆటకు వరుసలో 50 నిమిషాలు, ఆటకు 3 నిమిషాలు, తరువాతి ఆట దగ్గరకు నడవటానికి 7 నిమిషాలు, వెరసి గంట. ఎనిమిది ఆటలు దొరుకుతాయి. ఎనిమిది మూళ్లు ఇరవైనాలుగు. ఆరువందల నిమిషాల్లో మనం ఆట మీద ఉండేది ఇరవైనాలుగే నిమిషాలు! నూటికి నాలుగు వంతులు. మిగిలిన తొంభైఆరు వంతులూ నడవటం, నిలబడటం, తినటం, ఎవరో ఒకరు తప్పిపోతే వెతుక్కోవటం.

అందుచేత నేను అడిగే మొదటి ప్రశ్న "అక్కడ ఎంత గొప్ప ఆటలున్నాయి?" అని కాదు. "ఆ తొంభైఆరు వంతులు మనవాళ్లు హాయిగా గడపగలరా?" అని. నీడ ఉన్నదా, మాట తెలుస్తుందా, మనం తినగలిగేది దొరుకుతుందా, నాయనమ్మ కూర్చోవటానికి చోటున్నదా? ఇవీ అసలు ప్రశ్నలు.

వరుసకు ఒక సూత్రం ఉన్నది. జాన్ లిటిల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1961లో దీన్ని గణితరీత్యా రుజువు చేశాడు. వరుసలో ఉన్న జనసంఖ్య = గంటకు లోపలికి వెళ్లే సంఖ్య × నిలబడవలసిన గంటలు. ఇంతే. ఇరవైమంది పట్టే బండి నిమిషానికొకటి బయలుదేరుతున్నదనుకోండి. గంటకు 1200 మంది. మన ముందు 600 మంది ఉంటే అరగంట. 1800 మంది ఉంటే గంటన్నర. బోర్డు మీద వేసే అంకెను నమ్మనక్కరలేదు. ఐదు నిమిషాలు నిలబడి ఎన్ని బండ్లు వెళ్లాయో లెక్కపెడితే చాలు, ఎవరికివారే చెప్పుకోవచ్చును.

ఇందులో ఒక కిటుకు ఉంది. ఇప్పుడు చాలా వనాల్లో అదనపు డబ్బు కట్టినవారికి వేరే దగ్గరి వరుస పెడుతున్నారు. డబ్బు కట్టినందువల్ల బండిలో సీట్లు పెరగవు గదా! సీట్లలో సగం వారికి పోతే మామూలు వరుస సగం వేగంతో కదులుతుంది, అంటే మన అరగంట గంట అవుతుంది. మూడోవంతు పోతే అరగంట కాస్తా ముప్పావుగంట. కాబట్టి ఖర్చు లెక్క వేసేటప్పుడు గుమ్మం టిక్కెట్టు ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. రద్దీ రోజున వెళ్లదలచినవారు ఆ రెండో టిక్కెట్టు ధర కూడా కలిపే చూసుకోవాలి. లేదా రద్దీ లేని రోజు చూసుకోవాలి. రెండవదే చవక.

శరీరానికి సంబంధించిన లెక్క

ఇక ఆటల సంగతి. రోలర్ కోస్టర్‌కు సాధారణంగా ఇంజను ఉండదు. గొలుసుతో బండిని ఎత్తుకు లాగి వదులుతారు. ఎత్తులో దాచిన స్థితిశక్తి కిందికి దిగేటప్పుడు గతిశక్తిగా మారుతుంది. ఇది ఇంటర్మీడియట్ పాఠమే. నిలువు చుట్టు, అనగా తలకిందులుగా తిప్పే వలయం దగ్గరే తమాషా. అది కచ్చితమైన వృత్తమైతే, పైన పడిపోకుండా ఉండటానికి బండికి కనీసం ఉండవలసిన వేగపు వర్గం గురుత్వ త్వరణం × వ్యాసార్ధం. శక్తి నిత్యత్వం వేసి చూస్తే అడుగున వేగపు వర్గం దానికి అయిదు రెట్లు అవుతుంది. దానికి మన సొంత బరువు ఒకటి కలుపుకుంటే, అడుగు బిందువు దగ్గర మనిషి తన బరువుకు ఆరు రెట్లు బరువు మోస్తాడు. యాభై కిలోల మనిషికి మూడువందల కిలోలు! ఘర్షణ లేదనుకుంటే వలయం చిన్నదైనా పెద్దదైనా ఈ ఆరు మారదు. ఇది కాగితం మీద చేసి చూడండి, సరదాగా ఉంటుంది.

న్యూయార్కులోని కోనీ ఐలండ్‌లో 1895లో అటువంటి వృత్తాకారపు వలయమే కట్టారు. ఎక్కినవాళ్లకు మెడలు పట్టేశాయి. ఈ చిక్కు 1976లో విడింది. జర్మనీకి చెందిన ష్వార్ట్‌స్‌కాఫ్, స్టెంగెల్ అనే ఇంజనీర్లు కాలిఫోర్నియాలో కట్టిన రివల్యూషన్ అనే కోస్టర్‌లో వలయాన్ని వృత్తంగా కాక తలకిందులు చేసిన కన్నీటిచుక్క ఆకారంలో వంచారు. అడుగున వంపు నెమ్మదిగా మొదలై పైకి పోనుపోను బిగుస్తుంది. రైలు పట్టా తిన్నగా వచ్చి మలుపు తిరిగేచోట వాడే వక్రం ఇటువంటిదే. దీన్ని క్లోథాయిడ్ అంటారు. ఇప్పుడు మనం ఎక్కే వలయాలన్నీ దాని సంతానమే.

అబూధాబీలోని ఫార్ములా రొస్సా తెరిచిన రోజున ప్రపంచంలోకెల్లా వేగమైన కోస్టర్. గొలుసుతో కాక నౌకల మీద విమానాలను విసిరే పద్ధతిలో బండిని విసురుతుంది. 4.9 సెకన్లలో గంటకు 240 కిలోమీటర్ల వేగం. లెక్క కడితే సగటు త్వరణం సెకను వర్గానికి 13.6 మీటర్లు, అంటే గురుత్వ త్వరణానికి సుమారు ఒకటీ నాలుగు దశాంశాల రెట్లు. ఆ వేగంలో ఉన్న గతిశక్తి అంతా, నష్టమేమీ లేకుండా, ఎత్తుగా మారితే బండి 227 మీటర్లు లేస్తుంది. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు, దాదాపు రెట్టింపు! నిజానికి ఆ పట్టా 52 మీటర్ల ఎత్తు వరకే పోతుంది. మిగిలిన శక్తి అంతా వేగంగానే ఉండి గాలితో కొట్లాడుతుంది. ఇసుకరేణువులు కంట్లో పడకుండా ఎక్కేవారికి కళ్లద్దాలు పెడతారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇటువంటివి ఎక్కలేనివారు మన ప్రయాణంలో ఎంతమంది ఉంటారో ముందే చూసుకోవాలి. గుండెజబ్బు, రక్తపోటు, మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవారినీ, గర్భిణీలనూ పెద్ద ఆటలు ఎక్కవద్దంటారు. పిల్లలకు ఎత్తు నిబంధన ఉంటుంది. వయసు కాదు, ఎత్తు! ఒడి మీదికీ భుజాల మీదికీ దిగే కడ్డీ ఒక కొలతకు తయారైనది. పొట్టివాణ్ణి అది పట్టి ఉంచలేదు. సింగపూరు యూనివర్సల్‌లో ట్రాన్స్‌ఫార్మర్స్‌కు 102 సెంటీమీటర్లు, మమ్మీ అనే చీకటి కోస్టర్‌కు 122, బాటిల్‌స్టార్ గెలాక్టికా జంట కోస్టర్లకు 125 ఉండాలి. గుమ్మం దగ్గర కొలకర్ర ఉంటుంది. అక్కడ బతిమాలటం పనికిరాదు. ఆరేళ్ల పిల్లవాడు గంట నిలబడి, కర్రకు రెండు వేళ్లు తక్కువై వెనక్కి రావటం కంటె ఏడుపు మరొకటి లేదు. బయలుదేరకముందే ఇంట్లో గోడకు నిలబెట్టి టేపుతో కొలవటం సుఖం.

కాబట్టి రెండో లెక్క ఇది: కుటుంబంలో అందరికంటె పొట్టివారు, అందరికంటె పెద్దవారు కలిసి ఎక్కగలిగే ఆటలు ఎన్ని? ఆ సంఖ్య ఎక్కడ ఎక్కువో అది ఆ కుటుంబానికి గొప్ప వనం. ఈ పరీక్షలో డిస్నీ వనాలు ముందుంటాయి. అక్కడ పడవలు, బొమ్మల రైళ్లు, ఊరేగింపులు, రాత్రి బాణాసంచా ఎక్కువ. యూనివర్సల్‌లో కుర్రకారుకు పాలు ఎక్కువ. ఫెరారీ వరల్డ్‌లో పిల్లల ఆటలు లేకపోలేదు గాని, అక్కడి పేరంతా వేగం మీదే.

మన పంటల పంచాంగం, వారి సెలవుల పంచాంగం

వ్యవసాయదారుడికి ప్రయాణానికి వీలయ్యే రోజులు కొన్నే. జూలై, ఆగస్టు నాట్ల కాలం, ఇల్లు కదలడు. ధాన్యం ఇంటికి చేరి సంక్రాంతి నాటికి ఒక ఊపిరి. మిర్చి అమ్ముకున్నాక మార్చి, ఏప్రిల్. ఆపైన పిల్లల వేసవి సెలవులు. మధ్యలో దసరా. ఇప్పుడు ఈ మూడు అదనులనూ అవతలి దేశాల పంచాంగంతో కలిపి చూద్దాం. ఏజెంటు కాగితంలో ఇది ఉండదు.

దసరా సెలవులు చాలా ఏళ్లు అక్టోబరు మొదటివారంలోనో దాని పక్కనో వస్తాయి. సరిగ్గా అక్టోబరు 1 నుంచి చైనాలో జాతీయ దినోత్సవపు సెలవుల వారం. హాంగ్‌కాంగ్, షాంఘై కిటకిటలాడతాయి. ఆ వారంలో ఆ రెండూ వద్దు. హాంగ్‌కాంగ్‌కు తుఫానుల భయం కూడా ఉన్నది. మే నుంచి నవంబరు దాకా ఆ కాలమే. ఎనిమిదో నంబరు హెచ్చరిక ఎగరేస్తే ఊరంతా మూత. సముద్రతీరపు జిల్లాలవాళ్లకు దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు.

చైనా నూతన సంవత్సరం జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వస్తుంది. 2006లో ఆ పండుగ సెలవుల్లో హాంగ్‌కాంగ్ డిస్నీలాండ్‌లో జరిగింది తెలుసుకోదగ్గది. అప్పటి టిక్కెట్లు ఆరు నెలల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చును. అందరూ ఒకే రోజున వచ్చేసరికి గేట్లు మూయవలసి వచ్చింది. చేతిలో చెల్లే టిక్కెట్టు ఉండి కూడా కుటుంబాలు బయట నిలబడిపోయాయి. కొందరు కంచె ఎక్కి దూకారు. ఇప్పుడు చాలాచోట్ల తేదీ వేసిన టిక్కెట్లే అమ్మటం వల్ల ఆ ప్రమాదం తగ్గింది. తగ్గిందే గాని రద్దీ తగ్గలేదు. మన సంక్రాంతి ఈ పండుగకు ముందే వెళ్లిపోతుంది కనుక సంక్రాంతికి హాంగ్‌కాంగ్ బాగానే ఉంటుంది. చలి తక్కువ, వాన తక్కువ. అయితే సంక్రాంతి రోజులకు అన్నిటికంటె బాగుండేది అబూధాబీ. ఎడారి చల్లబడి ఉంటుంది. సింగపూరులో నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్య రుతుపవనపు వానలు; సంక్రాంతి ప్రయాణానికి అది నా లెక్కలో రెండో స్థానం.

వేసవిలో? ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపానులో వరుస సెలవులు. వాటిని 'గోల్డెన్ వీక్' అంటారు. టోక్యో, ఒసాకా ఆ వారంలో తప్పించుకోవాలి. అబూధాబీలో మే, జూన్‌లలో ఎండ నలభై దాటుతుంది. ఫెరారీ వరల్డ్, దాని పక్కనే 2018లో తెరిచిన వార్నర్ బ్రదర్స్ వరల్డ్ చాలామట్టుకు పైకప్పు కింద, చల్లగాలిలో ఉంటాయి కనుక ఫర్వాలేదు. బయట ఊరు మాత్రం చూడలేం. సింగపూరు భూమధ్యరేఖకు ఒకటింబావు డిగ్రీ ఉత్తరాన ఉన్నది. దానికి వేసవి, శీతాకాలం అనేవి లేవు. ఏడాది పొడుగునా ఒకటే ఉక్క. ఏడాదిలో దాదాపు సగం రోజులు ఎప్పుడో ఒకప్పుడు ఉరుముతుంది. మెరుపు ప్రమాదం ఉన్నప్పుడు బయటి ఆటలు ఆపేస్తారు. కాని ఆ ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం మీదికి వస్తాయి. ఏప్రిల్ నెలాఖరు, మే మొదట్లో అక్కడి పిల్లలకు బడులుంటాయి; వాళ్ల పెద్ద సెలవులు జూన్, డిసెంబరు. అంచేత మన వేసవి సెలవుల మొదటి సగం సింగపూరుకు మంచి అదను.

కాగితాల సంగతి

ఇక్కడే మనవాళ్లు తట్టుకుంటారు. పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. పెద్దవారి పాస్‌పోర్టు పదేళ్లది, పిల్లలది అయిదేళ్లది. ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగానూ, మరొకదానిలో పూర్తిగానూ ఉండటం మన తెలుగువాళ్ల ఇళ్లలో మామూలు. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. 2022 నవంబరులో అరబ్ ఎమిరేట్స్ వారు ఒంటి పేరున్న పాస్‌పోర్టులపై చూడవచ్చేవారిని రానివ్వమన్నారు. రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చాలునని ఆ తరువాత సడలించారు. టిక్కెట్టు కొనకముందే ఆ గడి చూసుకోవటం మంచిది.

పదో తరగతి ప్యాసు కానివారి పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. తరగతిలోకి వస్తుంది. అటువంటివారు ఉద్యోగం కోసం పద్దెనిమిది దేశాలకు వెళ్లాలంటే వలస అధికారి అనుమతి కావాలి. ఎమిరేట్స్, మలేషియా ఆ పట్టీలో ఉన్నాయి. సింగపూరు, హాంగ్‌కాంగ్ లేవు. చూడటానికి వెళ్లేవారికి ఆ అనుమతి అక్కరలేదు. అయినా తిరుగు టిక్కెట్టు, హోటలు కాగితం చేతిలో పట్టుకుని ఉండాలి, అడిగితే తడబడకుండా చూపాలి. యాభై ఏళ్లు దాటినవారికి ఈ బెడదే లేదు. మా ఊళ్లో నలభయ్యో పడిలో ఉన్న అమ్మలు చాలామంది పదో తరగతి గడప తొక్కనివారే. ఈ నాలుగు వాక్యాలు వారికోసమే రాశాను.

మరొక చిక్కు. అమెరికా, ఐరోపా వీసాలకు ఆదాయపు రుజువు అడుగుతారు. వ్యవసాయాదాయం మీద కేంద్రపు ఆదాయపు పన్ను లేదు. అందువల్ల పది ఎకరాల మాగాణి ఉన్న రైతుకు కూడా రిటర్ను కాగితం ఉండకపోవచ్చును. పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా నకళ్లు, ధాన్యం అమ్మిన రసీదులు, ఇవే అతని రుజువులు. వాటిని వరసగా పెట్టుకోవటానికి టైము కావాలి. అమెరికా వీసాకు స్వయంగా వెళ్లి మాట్లాడాలి. ఐరోపా షెంగెన్ వీసాకు ముప్పైవేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీటితో పోలిస్తే సింగపూరు వీసా తేలిక. అనుమతి పొందిన ఏజెంటు ద్వారా వస్తుంది. బయలుదేరే ముందు మూడు రోజుల లోపల ఒక రాక పత్రం కంప్యూటరులో పూర్తి చేయాలి. దానికి డబ్బు లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకండి. హాంగ్‌కాంగ్‌కు 2017 నుంచి మనవారు ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి. ఆయా దేశాల అధికార ప్రకటన చూసుకునే బయలుదేరాలి.

అమ్మలకు ఒక్క మాట. పెట్టెలో గసగసాలు పెట్టకండి. ఎమిరేట్స్‌లోనూ సింగపూరులోనూ అవి నిషిద్ధం. మనకు కూరలో వేసే దినుసు, వాళ్ల చట్టానికి నల్లమందు మొక్క గింజ.

ఇక నా ఎంపిక

ఇన్ని చూశాక, మన పల్లెల నుంచి మొదటిసారి వెళ్లే ఇంటిల్లిపాదికి నేను సింగపూరే చెబుతాను. అక్కడి యూనివర్సల్ యాభై ఎకరాలలోపు చిన్న వనం. దాన్ని చాలామంది లోపంగా చెబుతారు. నా లెక్కలో అదే సుగుణం. ఒక్క రోజులో అయిపోతుంది, నాయనమ్మ నడవగలదు, ఎవరైనా తప్పిపోతే దొరుకుతారు. హైదరాబాదు నుంచి నేరుగా విమానం, నాలుగున్నర గంటల పైచిలుకు. గడియారంలో తేడా రెండున్నర గంటలే. దేహం ఒక్కొక్క గంట తేడాకు ఒక్కొక్క రోజు తీసుకుంటుందని స్థూలంగా చెబుతారు. ఆ లెక్కన మూడోరోజుకు సర్దుకుంటుంది. ఇంగ్లీషు నడుస్తుంది, తమిళం అక్కడ రాజభాషల్లో ఒకటి, లిటిల్ ఇండియాలో ఇడ్లీ దొరుకుతుంది. వనం నచ్చకపోయినా ఊరుంది, జంతుశాల ఉంది, సముద్రం ఉంది.

పిల్లలందరూ పదేళ్ల లోపువారైతే హాంగ్‌కాంగ్. అక్కడి డిస్నీలాండ్ కూడా చిన్నదే. సన్నీ బే స్టేషనులో మారి ఎక్కే రైలుకు కిటికీలు మిక్కీ ఎలుక తల ఆకారంలో ఉంటాయి. పిల్లలకు అక్కడే సగం డబ్బు వసూలయినట్టు. అదే ఊళ్లో 1977లో తెరిచిన ఓషన్ పార్కు కూడా ఉంది. కొండ మీదుగా తీగబండిలో సముద్రం చూస్తూ పోవచ్చును. వేగం కావాలనే కుర్రాళ్ల బృందం సంక్రాంతికి వెళ్లేటట్లయితే అబూధాబీ.

టోక్యో గొప్పది, కాదనను. 2001లో తెరిచిన డిస్నీసీ వంటిది మరెక్కడా లేదంటారు. (అది టోక్యోలో లేదు, పక్కనున్న చీబా రాష్ట్రంలో ఉంది!) కాని ఆటల్లో కథ చెప్పేది జపానీలో, శాకాహారం వెతుక్కోవాలి, టిక్కెట్లూ వరుసలూ అన్నీ సెల్‌ఫోనులోనే. అది రెండో ప్రయాణానికి దాచుకోవలసింది.

ఓర్లాండో సంగతి వేరు. డిస్నీ వరల్డ్ మొత్తం పాతికవేల ఎకరాల పైచిలుకు. మన లెక్కలో కొన్ని ఊళ్ల పొలం. నాలుగు వనాలు, పక్కనే యూనివర్సల్ వారివి. 2025 మేలో తెరిచిన ఎపిక్ యూనివర్స్ వాటిలో కొత్తది. వారం చాలదు. ఇక్కడి నుంచి నేరుగా విమానం లేదు. గడియారం తొమ్మిదిన్నర, పదిన్నర గంటలు వెనక్కి. దేహం సర్దుకునేసరికి తిరుగు ప్రయాణం వస్తుంది. అయితే కొడుకో కూతురో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, అమ్మానాన్నలు మూడు నెలలు ఉండేందుకు వెళ్తుంటే అభ్యంతరమేమీ లేదు. నెల గడిచాక, నిద్ర సర్దుకున్నాక వెళ్లవచ్చును. అప్పుడది విదేశంలో మొదటి వారం కాదు గదా.

సింగపూరు ఎంచుకున్నవారికి రోజు గడిపే పద్ధతి కూడా చెప్పేస్తాను. మంగళవారమో బుధవారమో చూసుకోవాలి. హార్బర్‌ఫ్రంట్ దగ్గర చిన్న రైలెక్కి, గేటు తెరవకముందే సెంటోసా చేరాలి. తెరవగానే బయట ఉన్న బాటిల్‌స్టార్ వైపు కుర్రాళ్లు పోవాలి. మెరుపు రాకముందే అది అయిపోవాలి. మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేసరికి పైకప్పు కింద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్స్, మమ్మీ మిగిల్చుకోవాలి. మూడూ ఎక్కనివారికి, అంటే ఇంట్లో అందరికంటె చిన్నవారికీ పెద్దవారికీ, సెసేమీ స్ట్రీట్ బొమ్మల బండి ఉన్నది. అదీ పైకప్పు కిందే, తాత మనవడు పక్కపక్కనే కూర్చోవచ్చును.